సగం సూర్యుడు

సర్వే బడి మేడ మీద పని ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. మూడుకాళ్ళ స్టాండు వేసి, దాని మీద కోణాలు కొలిచే థియోడలైట్ యంత్రం బిగించి, మట్టం చూపే బుడగ మధ్యకు వచ్చేదాకా మరలు తిప్పి, దుర్భిణిని ఊరవతలి కొండ వైపు మళ్ళిస్తారు. కొండ కొనన ఒక సర్వే రాయి ఉంది. దాని మీద ఎరుపు తెలుపు పట్టీల గడను నిటారుగా పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆ గడ మీద సున్నా పెట్టుకుంటారు. ఊళ్ళో ఏ రోడ్డు వేయాలన్నా, ఏ కాలువ తవ్వాలన్నా కోణాలన్నీ అక్కణ్ణుంచే లెక్క.

ఆ మనిషి చనిపోయి చాలా కాలమైంది. గడ పట్టుకుని ఉండగానే గుండె ఆగింది. వాన ముంచుకొస్తోందని కిందివాళ్ళు యంత్రం సర్దుకుని పరుగెత్తారు గానీ, పని అయిపోయింది, దిగిరమ్మని ఆయనకి సైగ చేయడం మరిచారు. సైగ అందకుండా గడ దించడం ఆయన ఎరగడు. శవాన్ని ఇంటికి తెచ్చి సాగనంపారు. మర్నాడు దుర్భిణిలో చూస్తే ఆయన మామూలుగా గడ పట్టుకునే ఉన్నాడు. కొండెక్కి వెళ్ళినవాళ్ళకి ఉత్త గడే కనిపిస్తుంది. మనిషి కావాలంటే దుర్భిణిలోంచి చూడాలి. ఇప్పుడైనా సైగ చేద్దామని ఒకరిద్దరు అన్నారు గానీ పై ఆఫీసు ఒప్పుకోలేదు. అంత నిటారుగా గడ పట్టేవాడు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు, ఉండనీ అన్నారు. బతికుండగా ఆయన్ని ఎవరూ ఇంతగా మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఆయన కూతురు ఈ ఏడు బడిలో చేరింది. లెక్కలంటే ప్రాణమని మాస్టారితో చెప్పింది. పచ్చి అబద్ధం. లెక్కలు ఆమెకు చిన్నప్పటి నుంచీ చేదే. నాన్నను చూసుకోవచ్చని చేరింది. ఆ సంగతి మాస్టారికీ తెలుసు, గోడ మీది బల్లికీ తెలుసు.

మిగతావాళ్ళు దుర్భిణిలోని సన్నటి నిలువు తీగను గడ మీద నిలిపి వదిలేసేవారు. ఆమె దుర్భిణిని కాస్త పైకి జరిపి ముఖం చూసేది. నాన్న జుట్టు బాగా నెరిసింది. ఈమధ్య గడను కుడిచేతి నుంచి ఎడమచేతికి, మళ్ళీ కుడిచేతికి మార్చుకుంటున్నాడు. పెదాలు కదుపుతాడు గానీ ఏమంటున్నాడో తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళ్తే తల్లి కుట్టు మిషను మీంచి తలెత్తకుండా అడిగేది. “మీ నాన్న నిలబడే ఉన్నారా?”

“ఉన్నాడమ్మా. నువ్వూ ఒకసారి రారాదూ?”

“వచ్చి? పలకరిస్తే వినపడదు. చూసి కడుపు తరుక్కుపోవడమేగా.”

వేసవి మొదట్లో బడికి కొత్త రిసీవర్లు వచ్చాయి. మాస్టారు వాటిని బల్ల మీద పెట్టి, పెళ్ళిచూపుల్లో పిల్లను చూపించినంత సంబరంగా చూపించాడు.

“ఇక ఒక రాయి నుంచి ఇంకో రాయి కనబడాల్సిన పని లేదర్రా. పైన ఆకాశం తెరిపిగా ఉంటే చాలు. ఉపగ్రహాల నుంచి వచ్చే కబురు పట్టుకుని తామెక్కడున్నాయో ఇవే చెబుతాయి.”

“మరి దిక్కో?” అన్నారెవరో.

“ఎక్కడున్నామో ఉపగ్రహాలు చెబుతాయి. ఎటు తిరిగి ఉన్నామో సూర్యుణ్ణి అడుగుదాం. సూర్యుడు చెప్పిన దిక్కు మేడ నుంచి కొండకున్న మన పాత గీతతో సరిపోతే...” మాస్టారు ఆగి కూతురి వైపు చూశాడు. “ఇక కొండతో పని లేదు. అప్పుడు ఆయనకి సైగ చేసేయమని పై ఆఫీసు చెప్పింది. సూర్యుణ్ణి నువ్వే కొలువమ్మా. వేరేవాళ్ళ చేత చేయించడం నాకు బాగుండదు.”

సూర్యుణ్ణి దుర్భిణిలో నేరుగా చూస్తే కన్ను పోతుంది. అందుకని వెనక తెల్ల అట్ట పట్టుకుంటే దాని మీద గుండ్రంగా వెలుగు పడుతుంది. దాని ఎడమ అంచు తీగను తాకినప్పుడు ఒక కోణం, కుడి అంచు తాకినప్పుడు ఇంకో కోణం రాసుకుని సగటు తీస్తే నడిమధ్య దొరుకుతుంది. పసిపిల్లలకైనా అర్థమయ్యే పని.

ఆమె నాన్న మీద సున్నా పెట్టింది. సూర్యుడి ఎడమ అంచు కొలిచింది. రెండోసారీ ఎడమ అంచే కొలిచి, కుడి అని రాసింది.

లెక్క కుదరలేదు. “సరే, ఇంకెప్పుడైనా చూద్దాం. అప్పటిదాకా కొండ ఉంటుంది,” అన్నాడు మాస్టారు అందరి ముందూ. అందరూ మెట్లు దిగాక ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు.

“తేడా ఎంతొచ్చిందో చూశావా? సరిగ్గా సూర్యుడిలో సగం. ఆ సగాన్ని ఎక్కడ దాచావమ్మా?”

ఆమె అట్టను చంకలో పెట్టుకుని స్టాండు మరలు విప్పసాగింది.

“నిజంగా పొరపాటు చేసేవాళ్ళకి తప్పులు ఇంత చక్కగా రావు,” అన్నాడాయన. మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం తల్లి అడక్కముందే చెప్పింది. “నాన్న ఇంకొన్నాళ్ళు ఉంటాడమ్మా.” తాను కావాలనే లెక్క తప్పుగా రాసిన సంగతి కూడా, గెలిచి వచ్చినదానిలా చెప్పేసింది.

మిషను ఆగింది.

“చేతులు మార్చుకుంటున్నారని నువ్వే చెప్పావు కదే.”

“చెప్పాను.”

“చూసుకోవడానికి నీకు నాన్న ఉన్నారు. ఆయనకి కాసేపు కూలబడే దారి కూడా లేదు. ఎండా వానా అన్నీ ఆయనకే.”

“ఆయన కూడా పోతే నాకేం మిగులుతుందమ్మా?” అంది కూతురు.

“ఏమీ మిగలదు. నాకెప్పుడో మిగల్లేదు. అయినా పొద్దున్నే లేస్తున్నానుగా.” తల్లి గుడ్డలోకి సూది దించి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. “రేపు నేనూ వస్తాను.”

మర్నాడు తల్లి గొడుగు తెచ్చి యంత్రానికి పట్టింది. ఎండ తగిలితే బుడగ చెదిరిపోతుందని మాస్టారు చెప్పాడు. ఆమె కొండ వైపు చూడకుండా గొడుగునే చూస్తూ నిలబడింది. కూతురు ఎడమ అంచు కొలిచింది, కుడి అంచూ కొలిచింది. యంత్రంలో లోపమేదైనా ఉంటే చెల్లిపోయేలా దుర్భిణిని తలకిందులుగా తిప్పి మళ్ళీ అన్నీ కొలిచింది. అంకెలు రాస్తుంటే ఏడుపొచ్చింది. తుడుచుకుని రాసింది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. మాస్టారు అంకెలను రెండుసార్లు సరిచూసి కళ్ళజోడు తీశాడు.

“అలా చేతులు మార్చుకుంటూ కూడా మీ నాన్న వెంట్రుకవాసి తప్పలేదమ్మా. సూర్యుడూ ఆయనా ఒకటే మాట చెప్పారు.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “సైగ నేను చేయనా?” అన్నాడు.

“వద్దు మాస్టారూ. నేనే.”

ఆఖరిసారి నాన్న ముఖం చూసుకుని, ఆ తర్వాత సైగ చేద్దామనుకుంది. వెనక్కి తిరిగేసరికి తల్లి గొడుగు కింద పెట్టి, కొండ వైపున్న దుర్భిణికి కన్ను ఆనించి ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆమె వీపు కదిలిపోతోంది.

“ఇంత ముసలివారైపోయారేమిటే,” అంది.

ఒక్కసారి నన్ను చూడనీ అన్న మాట కూతురి నోటిదాకా వచ్చింది. మింగేసింది. పిట్టగోడ దగ్గరికి నడిచి కొండకు ఎదురుగా నిలబడింది. ఉత్త కళ్ళకి కొండ నీలంగా, బోసిగా ఉంది. రెండు చేతులూ తల మీదికి ఎత్తింది. సైగ చేసినవాళ్ళు అవతలి మనిషి వెళ్ళిపోయేదాకా చేతులు దించకూడదు.

“నిన్ను చూశారే,” అంది వెనక నుంచి తల్లి. “గడ దించారు. పడుకోబెట్టారు.”

“ఇప్పుడో?”

“కూర్చున్నారు. మోకాళ్ళు ఒత్తుకుంటున్నారు.”

కూతురి భుజాలు లాగాయి, వేళ్ళు తిమ్మిరెక్కాయి. చెంపల మీంచి కారుతున్నది తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

“నీ వైపే చూస్తున్నారు,” అంది తల్లి. మరికాసేపటికి, “లేచారు. అవతలి వాలు దిగుతున్నారు. చేతులు ఊపుకుంటూ ఎంత తేలిగ్గా నడుస్తున్నారో.”

తల్లి ‘కొండ దాటారు’ అనేదాకా కూతురు చేతులు దించలేదు.