టేబుల్ పేరు

మస్కట్ నగరం ఘుబ్రాలో ఆశాబెన్ ఉండే ఫ్లాట్‌లో డబ్బు పెట్టి పేకాడటం నిషేధం. ఒమాన్ అంతటా నిషేధమే గానీ ఆశాబెన్ ఇంట్లో ఇంకొంచెం గట్టి నిషేధం. అందుకని అక్కడ ఖర్జూరం గింజలతో పోకర్ ఆడేవారు. తిన్న ప్రతి ఖర్జూరం గింజనూ కడిగి, ఎండబెట్టి, నెయ్యి డబ్బాల్లో పోసి మంచం కింద దాచేవారు. ఎన్నున్నాయని అడిగితే చెప్పడం కష్టం. ఆ మంచం ఇప్పుడు కాళ్ళ మీద కాదు, డబ్బాల మీద నిలబడి ఉంది.

ఆడేది ఇద్దరే. ఆశాబెన్‌కి డెబ్భై తొమ్మిదేళ్ళు. వాళ్ళ తాత కచ్ నుంచి పడవెక్కి మస్కట్ వచ్చి స్థిరపడ్డాడు. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండో మనిషి ఆమె ఇంట్లో వంటా పనీ చూసుకునే కాశమ్మ. ఊరు రాయచోటి దగ్గర పల్లె. కృష్ణాష్టమి నాడు చుట్టాలంతా కూడి పేకాడటం ఆశాబెన్ వాళ్ళ ఆచారం. పదేళ్ళ కిందట ఆ పండగనాడు ఒక చెయ్యి తక్కువైతే, టీ తెచ్చిన కాశమ్మని ట్రేతో సహా కూర్చోబెట్టారు. సాయంత్రానికి గింజలన్నీ ఆ ట్రేలోకి చేరాయి. ఆశాబెన్ బావగారు మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

కాశమ్మ బలమంతా మొహంలో ఉంది. చేతిలో నాలుగు రాజులున్నా, పనికిరాని చిల్లర ముక్కలున్నా అదే మొహం. ఒకసారి గ్యాస్ పొయ్యి భగ్గుమని ఆమె కనుబొమ్మలు కాలిపోతే, ఆ సంగతి ఆశాబెన్ మూడో రోజున కనిపెట్టింది.

ఆ మొహం ఎక్కడ నేర్చిందో మాత్రం ఆశాబెన్‌కి తెలియదు. ఆమెకి తెలిసిన మనిషి పేరు మల్లీశ్వరి. పాస్‌పోర్టులో పేరు అదే, హెల్త్ కార్డులోనూ అదే. కాశమ్మ అనే మనిషి ఒమాన్‌లో ఏ కాగితం మీదా లేదు.

ఇళ్ళల్లో పనికి గల్ఫ్ పోయే ఆడమనిషికి ముప్ఫై ఏళ్ళు నిండి ఉండాలన్నది మన సర్కారు రూలు. పంతొమ్మిదేళ్ళ కిందట, బయల్దేరేనాటికి కాశమ్మకి ఇరవై నాలుగు. ఏజెంటు దానికి ఒక్క నిమిషం కూడా దిగులుపడలేదు. "అక్క ఉందా?" అని అడిగాడు. ఉంది, తొమ్మిదేళ్ళు పెద్దది. అక్క కాగితాలకి చెల్లెలి ఫొటో అతికించి పాస్‌పోర్టు చేయించాడు. ఎయిర్‌పోర్టులో పేరడిగినప్పుడు కాశమ్మ రెప్ప కొట్టకుండా "మల్లీశ్వరి" అంది. ఆ క్షణాన బిగుసుకున్న మొహం మళ్ళీ వదులు కాలేదు.

మూడేళ్ళ కిందట అక్క చనిపోయింది. ఫోన్ వచ్చినప్పుడు కాశమ్మ చపాతీలు చేస్తోంది. ఫోన్ పెట్టేసి మిగతావి కూడా చేసింది. అన్నీ గుండ్రంగానే వచ్చాయి.

* * *

ఆ ఉదయం ఆశాబెన్ ట్యాబ్ ముందేసుకుని కేకేసింది. వాళ్ళిద్దరి మధ్య నడిచేది హిందీ.

"మల్లీ, చేతులు తుడుచుకుని రా! కొలంబో నుంచి మా మేనల్లుడు ఫారం పంపాడు. పోకర్ మేళా పెడుతున్నారు. పన్నెండు రోజులు, రోజుకో పోటీ. నువ్వు ఆడుతున్నావు."

"నేనా బా?" చుట్టాలందరూ పిలిచినట్టే కాశమ్మ కూడా ఆమెని 'బా' అనే పిలుస్తుంది.

"మరి నేనా? నా కళ్ళకి కళావరూ ఇస్పేటూ ఒకటే కనబడుతున్నాయి. ఖర్చు నాది, మొహం నీది. నేను పక్కన కూర్చుని చూస్తాను."

"అక్కడంతా పెద్ద పెద్దోళ్ళు ఉంటారు కదా బా."

"పెద్దోళ్ళకని వేరే పోటీ ఉంది, చూడు. యాభై నిండినవాళ్ళకి మాత్రమే. నీకు యాభై రెండు. ముసలివాళ్ళు రెండో గంటకే నడుం నొప్పని లేచిపోతారు. నువ్వు ఊరికే కూర్చున్నా గెలుస్తావు." ఆశాబెన్ మొహం పండగ మొహంలా ఉంది. "పాస్‌పోర్టు ఫొటో పంపాలి. పాస్‌పోర్టు పట్టుకుని నువ్వు దిగిన ఫొటో కూడా పంపాలి. అక్కడికెళ్ళాక కౌంటర్లో అసలుది చూపిస్తే బల్ల నంబరు, కుర్చీ నంబరు ఉన్న చీటీ ఇస్తారు. ఆట మొదలైన రెండు గంటల దాకా పేరు రాయించుకోవచ్చట. మనకా అవసరం రాదు. నేను నా పెళ్ళికే రెండు రోజులు ముందెళ్ళాను."

కాశమ్మ పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. దాన్ని చూస్తుంటే ఆశాబెన్ ఆట రూలు గుర్తొచ్చింది. నోటితో ఎన్ని కోతలైనా కొయ్యి, కళ్ళతో ఎన్నైనా కొయ్యి. ముక్క మార్చావంటే మాత్రం బల్ల దగ్గర్నుంచి లే. ఒకసారి ముక్క మార్చిన తన సొంత మరిదిని ఆశాబెన్ అలాగే లేపేసింది. ఆ తర్వాత ఆయన పోయేదాకా మాటల్లేవు.

కరెంటు వెలుగులో ఫొటో సరిగ్గా రాలేదు. మిగతాది రేపు పొద్దున ఎండలో చేద్దామంది ఆశాబెన్.

* * *

బట్టలు ఆరేసే మేడ మీద నసీమా కలిసింది. ఆమెది కడప, నాలుగో అంతస్తులో పనిచేస్తుంది. ఒమాన్ మొత్తమ్మీద కాశమ్మని కాశమ్మ అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

"ఏం కాశక్కా, పేకాటకు లంకకు పోతాండావంటనే! వాచ్‌మేన్ చెప్పినాడు."

"మెల్లగా మాట్లాడే తల్లీ."

"గెల్చినోళ్ళ ఫొటో నెట్లో ఏస్తారంట గదా, కింద పేరు రాసి. మీ ఊర్లో చూస్తే ఏమైతాదో ఎప్పుడన్నా అనుకున్నావా? సచ్చిపోయిన మల్లీశ్వరి లంకలో పేకాడతాందని ఊరంతా తాయెత్తులు కట్టుకుంటారు."

కాశమ్మ దుప్పటి దులిపి తీగ మీద వేసింది.

"నవ్వవు, ఏడవవు. నీ మొగానికి ఇస్త్రీ ఏమన్నా చేసినారా?"

"పొద్దున అంజి ఫోన్ చేసిండ్య," అంది కాశమ్మ. అంజి అక్క కూతురు. "వాళ్ళమ్మ బియ్యం ఈ నెల గూడా వచ్చినాయంట."

నసీమా నవ్వు ఆగిపోయింది. ఆమెకి ఆ సంగతి తెలుసు. అక్క చావు పంచాయితీలో రాయించలేదు. రాయిస్తే మస్కట్‌లో ఉన్న పాస్‌పోర్టు చచ్చిన మనిషిదైపోతుందని ఏజెంటు చెప్పాడు. అందుకని కాగితాల్లో అక్క బతికే ఉంది. నెలనెలా రేషన్ షాపులో ఆమె వంతు బియ్యం తూకమేస్తూనే ఉన్నారు.

"వండల్లంటే చెయ్యి రాదంట దానికి. కోళ్ళకు ఏస్తాంది. అవి నడవల్యాక కూలబడతాండాయంట." కాశమ్మ క్లిప్పు పెట్టింది. "అమ్మ పేరు ఎప్పుడు తీపిస్తావు చిన్నమ్మా అని అడిగినాది."

"తీపిస్తే నువ్వు యాడుంటావు? ఈడికి మళ్ళా రానిస్తారా? వచ్చినాక కేసు పెడితే?" నసీమా బుట్ట చంకన పెట్టుకుంది. "నా మాట ఇను కాశక్కా. నోరు మూసుకోని పోయి ఆడి రా. ఇన్నేండ్లు గడిపినావు. ఇంగ కొన్నేండ్లు. అంతే."

కాశమ్మ తలూపింది. తీగ మీద బట్టలు అరగంటలో అప్పడాల్లా ఎండాయి. ఆమె అప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

* * *

మర్నాడు ఎండలో ఫొటో బాగా వచ్చింది. ఆశాబెన్ ఫారం మొత్తం ఒంటివేలితో నింపింది. ఒక్కో అక్షరానికీ ఒక్కో తేనీటి చుక్క తాగినా కప్పు ఖాళీ అయ్యేది. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు. ఇంకొక్క గడి మిగిలింది.

"ఇది టేబుల్ పేరు. అసలు పేరు ఆఫీసులో ఉంటుంది. తెర మీదా, నీ ముందుండే చీటీ మీదా కనబడే పేరు మాత్రం మన ఇష్టం. ఒకడు పులి అని పెట్టుకుంటాడు, ఇంకొకడు బాద్షా. నీకేం పెట్టను? తొందరగా చెప్పు, వేలు నొప్పి."

కాశమ్మ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చెప్పేది కాదు.

"కాశమ్మ."

ఆశాబెన్ వేలు గాల్లో ఆగింది. "ఎవరామె?"

ఎవరూ కాదు బా, మా ఊరి దేవత, అంటే సరిపోయేది. ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఆమె ఇంతకంటే చిన్న ప్రశ్నలకి చెప్పింది. చెప్పడానికి నోరు తెరిచింది. కింది పెదవి ఒకటే వణికింది. పట్టుకుని ఆపడానికి చెయ్యి లేచింది.

ఆశాబెన్ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చూసింది.

"పదేళ్ళలో మొదటిసారి నీ ముక్కలు నాకు కనబడుతున్నాయి," అంది నెమ్మదిగా. "చెప్పు. ఎవరు కాశమ్మ?"

కాశమ్మ చెప్పింది. ఏజెంటు, అక్క, చపాతీలు, అంజి, కోళ్ళు. ఏదీ దాచలేదు.

"నీకెన్నేళ్ళు?"

"నలభై మూడు."

"ఏటా జూన్ పన్నెండున నీకు కేకు కోస్తున్నాను."

"అది అక్క పుట్టినరోజు బా."

"తిన్నావుగా."

"తిన్నాను."

ఆశాబెన్ ట్యాబ్ మూసేసింది. ఫారం వెళ్ళలేదు. పాస్‌పోర్టు తీసి కాశమ్మ వైపు జరిపింది. తర్వాత తల ఎత్తకుండా ఒక్క మాట అంది.

"లే."

కాశమ్మ లేచింది.

* * *

రెండు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. ఆశాబెన్ ఒక్కతే రెండు చేతులూ ఆడింది. రెండింట్లోనూ ఓడిపోయింది. కాశమ్మ వేళకి వండింది, మందులిచ్చింది, వంటింట్లో నిలబడి తింది.

మూడో రోజు టీ ఇవ్వడానికి వెళ్తే ఆశాబెన్ కిటికీ వైపు తిరిగి అడిగింది.

"ఆ పిల్ల... బియ్యం కోళ్ళకి వేసే పిల్ల. ఇంకా ఎంతకాలం వేస్తుంది?"

"నేనిక్కడున్నంత కాలం బా."

ఆ మాట బయటికి వచ్చాక కాశమ్మకి తనకే వినబడింది. లోపల ఎన్నోసార్లు అనుకుంది గానీ చెవితో వినడం అదే మొదటిసారి. ట్రే బల్ల మీద పెట్టింది.

"ఎంబసీకి పోయి చెప్పేస్తాను బా."

"చెబితే మళ్ళీ ఇక్కడికి రానివ్వరు."

"తెలుసు."

"నాకు ఒక చెయ్యి తక్కువవుతుంది."

"అదీ తెలుసు బా."

ఆశాబెన్ టీ తాగింది. చక్కెర తక్కువైందని తిట్టింది. ఆ ఇంట్లో చక్కెర మానేసి పదకొండేళ్ళయింది. కప్పు కింద పెట్టి, రేపు ఎనిమిదింటికి కారు చెప్పమంది.

"నువ్వెందుకు బా? మోకాళ్ళు..."

"ముసలివాళ్ళ పోటీలోకి నలభై మూడేళ్ళ పిల్లని తోయబోయాను. నేను కూడా ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలిగా."

* * *

ఎంబసీలో కౌంటర్ అవతల ఉన్న ఉద్యోగికి తెలుగు వచ్చు. శ్రీకాకుళం అన్నాడు. కాశమ్మ చెప్పిందంతా విని పెన్ను కింద పెట్టాడు.

"ఇది చాలా దూరం పోద్దమ్మా. విచారణుంటాది. నెలలు పట్టొచ్చు. మళ్లీ ఈ దేశం రానిస్తారో లేదో నేను చెప్పలేను. ఆలోసించుకునే వచ్చారా?"

"వచ్చినా సార్."

"ఈవిడెవరు?"

మాట అర్థం కాకపోయినా వేలు తన వైపే ఉండటంతో ఆశాబెన్ హిందీలో జవాబిచ్చింది. "ఆటలో ఈమె జోడీని. రాసుకో."

అతను రాసుకోలేదు. ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఉన్నదున్నట్టు తెలుగులోనే రాసి సంతకం చెయ్యమన్నాడు. మొదట పేరు. కాశమ్మ రాసింది. పంతొమ్మిదేళ్ళు రాయని అక్షరాలు, బడిలో మొదటి రోజు రాసినంత పెద్దగా వచ్చాయి. తర్వాత పుట్టిన తేదీ.

పెన్ను అక్కడ ఆగిపోయింది.

అక్క తేదీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తనది తెలియదు. ఎక్కడా రాసి లేదు. అమ్మకి గుర్తు లేదు. గుర్తున్న మనిషి అక్క ఒక్కతే. తేదీ అక్కకీ తెలియదు గానీ ఆ రోజు తెలుసు. తల దువ్వేటప్పుడల్లా చెప్పేది. 'నేను చేన్లో చెనక్కాయలు పెరుకుతాండా. అవ్వ కేకేస్తే మట్టి చేతుల్తోనే ఉరికొచ్చి నిన్ను ఎత్తుకున్యా. నీ మొగం నిండా మట్టే.'

"తేదీ రాయాలమ్మా," అన్నాడు ఉద్యోగి.

"నా పుట్టిన తేదీ తెలియదు బా," అంటూ కాశమ్మ ఆశాబెన్ వైపు చూసింది. ఇంకెప్పుడైనా అయితే ఏదో ఒక తేదీ ఆమే చెప్పేసేది. ఈసారి మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడ కోతలు కొయ్యకు. తెలిసిందే రాయి."

కాశమ్మ రాసింది. 'తేదీ తెలియదు. చెనక్కాయలు పెరికే కాలం. మా అక్క చేన్లో ఉండింది.'

ఉద్యోగి ఆ వాక్యం తలకిందులుగానే చదివాడు. కొట్టేయమనలేదు. కింద ఇంకో గీత చూపించి, పాస్‌పోర్టులో ఉన్న మనిషి వివరాలు రాయమన్నాడు.

మల్లీశ్వరి. మా అక్క. చనిపోయిన తేదీ. ఇక్కడ ఆమె పెన్ను ఆగలేదు. రోజు, నెల, సంవత్సరం, పొద్దున ఎన్నింటికో కూడా రాసింది. రాస్తుండగా కాగితం మీద ఒక చుక్క పడింది, దాని పక్కన ఇంకొకటి. తుడుచుకోవాలని ఆమెకి తోచలేదు. పంతొమ్మిదేళ్ళు బిగబట్టిన మొహం కౌంటర్ ముందు, అందరూ చూస్తుండగా, చిన్నపిల్ల మొహంలా విడిపోయింది.

ఉద్యోగి చూపు పక్కకి తిప్పుకున్నాడు. ఆశాబెన్ తిప్పుకోలేదు. పదేళ్ళుగా బల్లకి అవతల కూర్చుని ఆమె చూడాలనుకున్న మొహం అదే.