ఏడాదికొక సీసా

“ఆ బేసిల్ ఆకు సీసా అడుగున వెయ్యవే అమ్మాయ్. కోర్టులో సాక్ష్యమా ఏమన్నానా, అంతలా తిప్పి తిప్పి చూడ్డానికి?” అంది మా అత్తగారు నున్జియాటా.

ఆగస్టులో మా ఇంటి వాకిలంతా ఎర్రగా ఉంటుంది. టొమాటోలు కడగడం, కోయడం, ఉడకబెట్టడం, మరలో వేసి తిప్పడం, ఏడాదికి సరిపడా సాస్ సీసాల్లో నింపి మూతలు బిగించడం అన్నీ ఆడవాళ్ళ పనులే. మా ఆయన సాబాటో సీసాలు కాగే డ్రమ్ము కింద మంట వెలిగిస్తాడు. వెలిగించి కుర్చీలో కూర్చుని, “ఈ ఏడాది టొమాటోల పని నడుం విరగ్గొట్టింది,” అంటాడు. నేను పర్యావరణ ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్తను. పదకొండేళ్ళుగా నా వేసవి సెలవు ఈ మర హ్యాండిల్ చుట్టూనే తిరుగుతోంది. ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే సాబాటోనే జవాబు చెబుతాడు. “మట్టి చూస్తుంది. మా నాన్న నాలిక మీద వేసుకుని ఎలాంటి మట్టో చెప్పేవాడు, దానికి ఈవిడ డాక్టరేట్ చేసింది.” అందరూ నవ్వుతారు, నవ్వేవాళ్ళకి కాఫీ నేనే పెడతాను.

ఆ ఏడు నా మనసు టొమాటోల మీద లేదు. ఊరవతల పాత రాతిగనిలో తోళ్ళ ఫ్యాక్టరీల బురదను లారీలకొద్దీ పోసి, పైన మట్టి కప్పేశారు. ప్రాసిక్యూషన్ తరఫున నిపుణురాలిని నేను. బురదలో క్రోమియం ఉందని, అదే కింది బావుల్లోకి దిగిందని రుజువు చేశాను. గనిని లీజుకు తీసుకున్నవాడి లాయరు మాత్రం ఒక్క మాటే పట్టుకున్నాడు. “మా క్లయింటు లీజుకు తీసుకోకముందే ఎవరో పోశారు. కాదంటే ఎప్పుడు పోశారో చెప్పండి, సిన్యోరా.” మగ నిపుణుడైతే ప్రొఫెసరు గారు, నేనైతే సిన్యోరా, అంటే ఎవరో ఒకరి భార్య. మట్టి తనలో ఏముందో చెబుతుంది గానీ అది ఎప్పుడు వచ్చిందో చెప్పదు. ఆ జవాబు దొరక్కపోతే ఆ లీజుదారు చేతులు దులుపుకుని పోతాడు, ఆ బావుల్ని బాగుచేసేవాడు ఉండడు. నాకు నిద్ర పట్టేది కాదు.

సాయంత్రం చల్లారిన సీసాలు నేలమాళిగలో సర్దుతున్నాను. వెనక అరలో ప్రతి ఏడాదిదీ ఒక్కో సీసా, మూత మీద సంవత్సరం రంగుతో రాసి ఉంటుంది. వాటిని ఎవరూ తెరవరు. పదకొండేళ్ళుగా వాటి దుమ్ము దులుపుతున్నదాన్ని నేనే. ఆ రోజు చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఏ ఏటి నీళ్ళు ఆ ఏటి టొమాటోల్లో, పైన సంవత్సరంతో సహా.

“అత్తయ్యా, ఇలా దాచడం మన ఇంట్లోనేనా, అందరూ దాస్తారా?”

“అదేం ప్రశ్నే? అర ఖాళీ అయితే వచ్చే ఏడు పంట మొహం చూపించదు. గని దిగువన ఉండే మద్దలేనా దగ్గరైతే పెళ్ళయిన ఏటి నుంచీ ఉంటాయి.”

నేను టొమాటో రసం అంటిన మా అత్తగారి చెంపల మీద ముద్దు పెట్టాను. “దీనికి ఎండదెబ్బ తగిలింది,” అని ఆవిడ కొడుకును కేకేసింది.

మర్నాడు పోలీసులతో మద్దలేనా ఇంటికి వెళ్ళాను. ఆవిడ సొంత తోట, సొంత బావి, ఒకే మర, ముప్ఫై చిల్లర సీసాలు. ఒకటి మాత్రం ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

“ఇది ఇవ్వను. ఆ ఏడు నా కూతురు పుట్టింది.”

“ఒక్క గరిటెడు చాలు పిన్నీ.”

“సీసా తిరిగివ్వాలి. మూతతో సహా.”

ఇన్‌స్పెక్టరు అలాగేనని సంతకం చేశాడు. మధ్యాహ్నానికి కబురు పాకిపోయింది. గని దిగువ ఇళ్ళవాళ్ళు, ఎగువ ఇళ్ళవాళ్ళు, ఆడవాళ్ళంతా సీసాల్ని చంటిపిల్లల్లా ఎత్తుకుని వచ్చారు. “మాదీ చూడండి, మా పొలం కంటే మంచి టొమాటో ఎవరికీ లేదు,” అని పోట్లాడుకున్నారు. సీలు వేస్తూ నేను నవ్వుతూనే ఉన్నాను.

విచారణ రోజున లాయరు సీసాను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. “సిన్యోరా, మనం కోర్టులో ఉన్నామా, మీ వంటింట్లోనా? ఉక్కు మూతల్లో, గిన్నెల్లో క్రోమియం ఉండదా?”

“ఉంటుంది,” అన్నాను. “మద్దలేనా గారి మూతలు, గిన్నె, మర పెళ్ళినాటి నుంచీ అవే రకం. మీ క్లయింటు లీజు తీసుకోకముందు సీసాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. లీజు తరవాత రెండో వేసవి నుంచి ఏటికేడాది క్రోమియం పెరిగింది. గనికి ఎగువన ఉన్న ఇళ్ళలోనూ అవే మూతలు. అక్కడ ఏ సీసాలోనూ ఏమీ లేదు. తేడా మూతల్లో లేదండీ, నీళ్ళలో ఉంది.”

లాయరు సీసాను మెల్లిగా కింద పెట్టాడు. జడ్జి అద్దాలు తీసి, “కొనసాగించండి, డాక్టరు గారూ,” అన్నాడు. వెనక బల్లల మీద ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వసంతంలో తీర్పు వచ్చింది. శిక్షతో పాటు గనిని, బావులను సొంత ఖర్చుతో శుభ్రం చేయించాలన్నారు. అందరూ కావలించుకుంటుంటే మద్దలేనా మాత్రం గుమాస్తా బల్ల దగ్గర నిలబడి, “నా సీసా ఏదయ్యా?” అని అడుగుతోంది.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. టొమాటోలు మరలో సగం దిగాక ఫోన్ మోగింది. పక్క జిల్లాలో ఇంకో గని బయటపడిందట, ఈ రోజే నమూనాలు తీయాలట.

“ఈ రోజా?” అన్నాడు సాబాటో కుర్చీలోంచి. “టొమాటోలు ఎవరు తిప్పుతారు?”

పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది. నా ఏప్రన్ విప్పి అతని మెడలో వేశాను. వెనక్కి తిప్పి నడుం దగ్గర ముడి కడుతుంటే మా అత్తగారు తలెత్తకుండానే అంది: “గట్టిగా కట్టవే. వదులైతే పారిపోతాడు.”

నేను తిరిగొచ్చేసరికి వాకిలి కడిగి ఉంది. మా ఆయన చేతులు మోచేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి, ఈసారి నిజంగానే నడుం పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఏడు సాస్ పల్చగా వచ్చింది, సగం సీసాల్లో ఆకే లేదు. అయినా వెనక అరలో పెట్టడానికి వాటిలోంచే ఒకటి తీసి, మూత మీద సంవత్సరం నేనే రాశాను. ఎప్పుడైనా ఎవరైనా కాదంటే, సాక్ష్యం ఉండాలి కదా.