పైజామా జేబులో పళ్ళు

మాసిన బట్టల కుప్పలో క్లిఫ్ ముసలాయన పైజామా జేబు తడిమేసరికి, మళ్ళీ పళ్ళసెట్టు రుమ్యానా చేతికి తగిలింది. దాన్ని కడిగి, నీళ్ళ గ్లాసులో వేసి, బట్టలారబెట్టే యంత్రం మీద పెట్టింది. యంత్రం గడగడకి పళ్ళు టకటకమంటూ ఎవరితోనో తగువాడుతున్నట్టు కదిలాయి.

ఆమెకు కాలు నిలవడం లేదు. మడిచిన దుప్పటే విప్పి మళ్ళీ మడుస్తోంది. సాయంత్రం మేనేజరు డెబ్రా ఎదుట ఫోనుతో ఇంగ్లీషు మాట్లాడాలి. ఉచ్చారణ దిద్దే ఆ ఏఐ మాస్టారు ఎనభై మార్కులిస్తే, ఇంగ్లండు రేవుపట్నం గ్రిమ్స్‌బీలోని ఆ వృద్ధాశ్రమం నేలమాళిగలో బట్టలుతికే పని వదిలి పై అంతస్తుకి, మనుషుల మధ్యకి. ఇవ్వకపోతే జీవితమంతా ఈ సబ్బునురగే. బల్గేరియా నుంచి వచ్చిన నాటినుంచీ ఇక్కడి వాళ్ళు ఆమెకు చొక్కాలుగానే తెలుసు. ఎవరు పులుసు ఒలకబోసుకుంటారో తెలుసు, ఎలా నవ్వుతారో తెలియదు. క్లిఫ్ నవ్వు ఒక్కటే తెలుసు, అదీ పళ్ళు లేకుండా.

యంత్రాల హోరు కూడా ఆమె నోటి తప్పే అనుకునేవాడు ఫోను మాస్టారు. అందుకే దుప్పట్ల అలమారాలో దూరి, నాలుక పళ్ళ మధ్య పెట్టి ఊదే ఇంగ్లీషు మాటలన్నీ అక్కడే వల్లించేది.

పళ్ళు పట్టుకుని పైకి వెళ్తే క్లిఫ్ తీసుకోలేదు. పోయినవారం పందెం కాసి అదే ఫోనుతో మాట్లాడితే, గ్రిమ్స్‌బీలో పుట్టి పెరిగిన ఆయనకు ముప్పై మార్కులు దాటలేదు. ఉత్తర సముద్రంలో తన కేక వింటే చేపలు వాటంతటవే పడవెక్కేవట, ఈ డబ్బాకేం తెలుసని అప్పట్నుంచీ గొణుగుడే.

"గెలిచొచ్చి నువ్వే పెట్టు పిల్లా, పైవాళ్ళ పని కదా అది. అందాకా నాకు సూపు చాలు," అన్నాడు, యాభై దాటిన ఆమెను.

"సరే తాతా," అంటూ తల అడ్డంగా ఊపింది.

"నోరైతే ఫోను దిద్దుతుంది. ఔనంటూ అడ్డంగా ఊపే ఆ తలనెవరు దిద్దాలి? మీ దేశమంతా ఇంతేనా?"

సాయంత్రం ఎనభై మూడొచ్చింది. డెబ్రా చెయ్యి కలిపి, రేపట్నుంచి పైనే అంది. రుమ్యానా మళ్ళీ యంత్రం మీదే పెట్టొచ్చిన గ్లాసు కోసం మెట్లు దాదాపు దూకుతూ దిగింది.

కింద, పై అంతస్తులో పనిచేసే జోన్ దుప్పట్లు తెచ్చి కుప్పలో వేస్తోంది. మీద క్లిఫ్ పైజామా. రుమ్యానా అలవాటుగా దాని జేబు తడిమింది. ఖాళీ.

"సూపు తాగి పడుకున్నాడు. ఇక లేవలేదు," అంది జోన్ మెల్లిగా. "తీసుకెళ్ళేవాళ్ళొచ్చారు. పళ్ళెక్కడా దొరకలేదు. నీ దగ్గరున్నాయా?"

ఉన్నాయన్నట్టు రుమ్యానా తల ఊపింది, అడ్డంగా.

"లేవా? పోన్లే," అంటూ జోన్ మెట్లెక్కింది.

పిలవాలని రుమ్యానా నోరు తెరిచింది. ఎనభై మూడు మార్కుల నోట్లోంచి ఒక్క మాటా రాలేదు. పైన తలుపు మూసుకున్న చప్పుడు, తర్వాత బండి కదిలిన చప్పుడు.

ఆరబెట్టే యంత్రం ఎప్పుడో ఆగిపోయింది. దాని మీద గ్లాసులో పళ్ళు కదలకుండా, కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.