అనసూర్య రెండో బీయస్సీ

అనసూర్య మళ్లీ బీయస్సీ చదవబోతోందన్న మాట కోరుట్ల నేతగాళ్ల వాడకట్టులో పాకిన నాడు, మొదటిది తప్పిందేమోనని జాలిపడ్డవాళ్లే ఎక్కువ. పక్కింటి భూమవ్వ అయితే చేదబావి దగ్గర బిందె దించి మరీ ఓదార్చింది.

"పోనీ తియ్ బిడ్డా, తప్పితే తప్పింది. మా హనుమండ్లు ఏడో తరగతి మూడుసార్లు రాయలేదా?"

"తప్పలే చిన్నమ్మా, పాసైన. ఇది వేరే బీయస్సీ. నర్సుది."

భూమవ్వ మొహంలోంచి జాలి పోయి భయం వచ్చింది. "పాసై గూడ నర్సు పనికి పోతవా? మీ బాపు ఉంటే పోనిచ్చునా?"

"బాపును ఆఖరిదాకా చూసింది నర్సే," అంటూ అనసూర్య బిందె చంకనెత్తుకుంది.

అది నిజం. కిందటేడు, అంటే అరవై నాలుగులో, ఆమె తండ్రి ముత్తయ్య క్షయతో కరీంనగర్ దవాఖానలో ఆరు నెలలు పడుకున్నాడు. హైదరాబాదులో పరీక్షలు రాసిన అనసూర్య ఇంటికి రాకుండా నేరుగా ఆయన మంచం దగ్గరికే వెళ్లింది. కఫం ఉమ్మిన గిన్నెను కూతురి కంటపడకుండా మంచం కింద దాచుకునేవాడు ముత్తయ్య. హఫీజా అనే నర్సు ఒకనాడు వంగి ఆ గిన్నె అందుకుని, "నా దగ్గర సిగ్గేంది మామా, నాకిది రోజూ పనే," అంది. ఆ మాటతో ఆయన తలెత్తి మనుషుల మొహాలు చూడటం మొదలుపెట్టాడు. మనిషిని లేపకుండానే కింద దుప్పటి మార్చడం, జ్వరం చూసి రాయడం అనసూర్య ఆమె దగ్గరే నేర్చుకుంది. రాజధానిలో నర్సింగు కాలేజీ ఉందని, అక్కడ నాలుగేళ్లు చదివితే వార్డు నడపడమే కాదు, నర్సులకు పాఠాలు కూడా చెప్పవచ్చని హఫీజాయే చెప్పింది.

కార్తీకంలో ముత్తయ్య పోయాడు. ఆయన దవాఖానకు పోయిన నాడు ఆగిన మగ్గం ఆగినట్టే ఉంది. ఎండాకాలం మొదట్లో కాలేజీ నుంచి సీటు వచ్చినట్టు కాగితం వచ్చింది. ఆషాఢంలోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరిది.

జిల్లా ఆఫీసు గుమాస్తా అంబదాస్ ఆమె దరఖాస్తును రెండుసార్లు చదివాడు.

"ఒక డిగ్రీకి సర్కారు స్కాలర్‌షిప్ తీసుకున్నోళ్లకు రెండోదానికి ఇయ్యరమ్మా."

"రోగం రెండోసారొస్తే గూడ మందియ్యరా సార్?"

ఆయన నవ్వాడు, కానీ కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఎండలో వచ్చిందని కూజాలోంచి నీళ్లు వంచి ఇస్తూ, "మీ నేత సంఘంల చదువుల నిధి ఉంటదిగద, అడిగినవా?" అన్నాడు.

అడగలేదు. ఆ నిధిని ఇంతవరకు ఏ ఆడపిల్లా అడగలేదు.

సంఘం అధ్యక్షుడు పర్శరాములు ముత్తయ్యకు చిన్నాన్న కొడుకే. అనసూర్య నోట విషయం విన్నాక నియమాల పుస్తకం తెరిచి, కళ్లజోడు పైకి జరిపి, అవసరమైన దానికన్నా గట్టిగా చదివాడు. దరఖాస్తు పరిశీలించే నాటికి అడిగినవారి ఇంట్లో మగ్గం ఆడుతూ ఉండాలి.

"మీ మగ్గం ఆగి ఏడాదాయె బిడ్డా. నేనేం చేత చెప్పు?"

"ఆడితే ఇస్తవా కాకా?"

"ఆడితే ఎందుకియ్యం? నేసెటోడేడి?"

"నూలియ్యి. నేస్త."

అక్కడున్న నలుగురూ నవ్వారు. పర్శరాములూ నవ్వాడు. ఆ నవ్వులోనే ఒక పడుగుకు సరిపడా నూలు తూయించాడు. బట్ట తాను నేసి జ్యేష్ఠ పున్నమి నాటి సభకు తెస్తే చూద్దామన్నాడు.

ఎందుకు నవ్వారో అనసూర్యకు తెలుసు. ఆ వాడకట్టులో కండెలు చుట్టేది ఆడవాళ్లు, నూలుకు గంజి పెట్టేది ఆడవాళ్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టేది మాత్రం మగవాడు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే దాన్ని ఎవరూ దాటలేదు.

పడుగు మగ్గమెక్కిన మరునాడు పొద్దున్నే ఆమె చీర కుచ్చెళ్లు దోపుకొని గుంటలోకి దిగింది.  తల్లి దేవవ్వ చుట్టిన కండెల బుట్టను కూతురి కుడిచేతి పక్కన పెట్టి తన రాట్నం దగ్గరికి వెళ్లిపోయింది.

మొదటి వారం పోగులు తెగడమే పని. తెగిన పోగు అతికేలోగా ఇంకోటి తెగేది. కిటికీ దగ్గర మనుషులు మారేవారు గానీ కిటికీ ఖాళీ అయ్యేది కాదు. "బీయస్సీ నేత గిట్లనే ఉంటదా?" అని ఒకరు. "రెండో బీయస్సీ అయినంక చక్కగైతది తియ్," అని ఇంకొకరు.

ఎనిమిదో రోజు, చూపు మందగించి నేత మానేసిన సాంబయ్య తాత వచ్చి గుంట గట్టున కూర్చున్నాడు. మగ్గం వైపు చూడలేదు, వీధి వైపు తిరిగి చెవి మాత్రం పేకను ఒత్తే పలక చప్పుడు వైపు పెట్టాడు.

"పలక గుద్దకు, గుంజు... అగో, ఎడమకాలు తొందరపడుతున్నది."

"నేర్పుతున్నవా తాతా?"

"నేనేం నేర్పుతలేను. ఎవలన్న అడిగితే నీడకు కూసున్ననని చెప్పు."

ఆ నీడకు ఆయన నెల రోజులు వచ్చాడు. అనసూర్య అరికాళ్లు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. పున్నమికి ముందురోజు తాను మగ్గం మీంచి కోతకు వచ్చింది.

సభలో మగవాళ్లు లోపల జంపఖానా మీద కూర్చున్నారు. ఆడవాళ్లు బయట అరుగు మీద ఉన్నారు. అనసూర్య లోపలికే వెళ్లి తానును పర్శరాములు ముందు విప్పింది. ఆయన బట్టను రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా జరుపుతూ పోయాడు. నేతగాడి వేళ్లు కదా, అబద్ధమాడవు.

"మొదటి మూడు గజాలు జల్లెడ."

"అవు కాకా. గా మూడు గజాలు నావే. మిగిలినయి గూడ నావే."

ఆయన వేళ్లు ముందుకు పోయాయి. పదో గజం దగ్గర నెమ్మదించాయి. ఆఖరి గజాల దగ్గర ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో "ఆడది గుంటల దిగితే మగ్గానికి అరిష్టం," అని గొణిగారు.

"అరిష్టమా?" సాంబయ్య తాత గొంతు లేచింది. "పర్శరాములూ, నువ్వు నేసిన మొదటి తాను నాకు యాదికున్నది. చెప్పమంటవా?"

అందరూ నవ్వారు. ఈసారి ఆ నవ్వు అనసూర్య మీద కాదు. పర్శరాములు చెవులు ఎర్రబడ్డాయి. అయినా బట్టను మడత చెడకుండా పక్కన పెట్టాడు.

"నేత బాగనే ఉన్నది, కాదనను," అన్నాడు. "గని సాయం ఒక్కనాడిచ్చేది గాదు బిడ్డా, నాలుగేండ్లు ఇయ్యాలె. ఏడాదికోపాలి వచ్చి చూస్తం. మగ్గం ఆగితే సాయం ఆగుతది. నువ్వు పట్నం పోతవు. గుంటల ఎవలు కూసుంటరు?"

 ఆ బట్ట పూర్తిచేయడం గురించే అనసూర్య ఆలోచించింది. తను పట్నం వెళ్లిన తర్వాతి రోజు గురించి ఆలోచించనే లేదు. నెలన్నర కష్టం, హైదరాబాదు సీటు, రెండూ ఆ ఒక్క ప్రశ్న దగ్గర నిలబడిపోయాయి.

"నేను కూసుంట."

అరుగు మీది నుంచి వచ్చిన గొంతు అది. దేవవ్వ గడప దాటి జంపఖానా మీదికి వచ్చింది. ఆమె లోపలికి రావడం చూసి ఇద్దరు ముసలివాళ్లు తెలియకుండానే జరిగి దారి ఇచ్చారు.

"నీతోని ఏడైతది వదినె? గీ వయసుల?"

"ముప్పై ఏండ్లు మీ అన్న పక్కన కండెలు చుట్టిన. అన్నేండ్లు నా కండ్లు మూసుకున్నననుకున్నవా? ఆయన దగ్గుతోని లేవలేని దినాలు మగ్గం ఎవలు నడిపిండ్రనుకున్నవ్? తలుపేసుకోని నేసిన. గా బట్టను నువ్వే గీ రెండు వేండ్లతోనే చూసినవ్, అన్న చెయ్యి పడిపోలేదని మెచ్చుకున్నవ్."

 అనసూర్య తల్లి వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. పర్శరాములు తన వేళ్లకేసి ఓసారి చూసుకుని, సాయం కాగితం దేవవ్వ ముందుకు జరిపి, సిరా డబ్బీ మూత తీశాడు.

"ఏలుముద్ర గీడనేనా?" దేవవ్వ వంగి బొటనవేలు ఒత్తింది. వేలిని కొంగుకు తుడుచుకుంటూ లేచి, అధ్యక్షుడి వైపు తిరిగింది.

"నూలు రేపు పొద్దుగాల్నే పంపు మరిదీ. నా బిడ్డకిచ్చినట్టు చిక్కులది గాదు, జర మంచిది జూసి పంపు."