బుగ్గ కాడ మూన్నాళ్ళు

చేటలో బియ్యం పోసుకుని ఉచ్చీరమ్మ రాళ్ళు ఏరుతోంది. అత్త మద్దమ్మ గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టి, వెనక్కి తిరక్కుండానే అన్నది: “సరిగ్గా పున్నమికే పడతాదే నీ దినం.”

ఉచ్చీరమ్మ చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది.

పత్తి వ్యాపారి ఇచ్చిన ఆ క్యాలెండరు వసారాలో, వచ్చేపోయేవాళ్ళ కళ్ళెదుటే వేలాడుతుంటుంది. కోడలు బయట కూర్చున్న నాడల్లా మద్దమ్మ ఆ తేదీ పక్కన కుంకుమతో చుక్క పెడుతుంది. పూజలకూ పండగలకూ అడ్డం రాకుండా ముందే తెలియాలని. పోయిన నెల, మిల్లులో మొగుడి తోటి గుమాస్తా దావీదు మంచినీళ్ళు తాగడానికి వచ్చి, “ఈ చుక్కలేందొదినా, పాలోని లెక్కనా?” అన్నాడు. మద్దమ్మ నవ్వాపుకోలేక, “అవునప్పా, పాల లెక్కే” అన్నది. ఉచ్చీరమ్మ లోపలికి పోయి, ఏ పనీ లేకపోయినా పొయ్యి ముందు కూర్చుంది. దేవుడికి తన ఒంటి సంగతి తెలిస్తే చాలదా, దావీదుకు కూడా తెలియాలా అనుకుంది. తర్వాత, దేవుణ్ణి ఇందులోకి ఎందుకు లాగానా అని లెంపలు వేసుకుంది.

అది ఎనభై ఒకటో సంవత్సరం, వైశాఖం. ఆదోనిలో సీజను అయిపోయి, పత్తిలోంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు మూశారు. ఎండకు తాళలేక మేనేజరు, నాలుగు రోజులు ఎక్కడైనా చల్లగా ఉండి వద్దామన్నాడట. నంద్యాల అవతల నల్లమలలో ఒక బుగ్గ ఉందనీ, నేలలోంచి నీళ్ళు వాటంతటవే ఉబికి వస్తాయనీ, చుట్టూ మధ్యాహ్నం కూడా ఎండ దిగని అడవి అనీ చెప్పింది ఉచ్చీరమ్మ మొగుడు దేవేంద్రప్పే. ఆ మాటతో ఏర్పాట్లన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. మిల్లు లారీలో ప్రయాణం. దూది బేళ్ళ మీద కప్పే టార్పాలిన్లు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి వాటితోనే మూడు గుడారాలు: ఒకటి మగవాళ్ళకు, ఒకటి ఆడవాళ్ళకూ పిల్లలకూ, ఒకటి సామానుకూ వంటకూ. మద్దమ్మతో కలిపి మొత్తం పద్నాలుగు మంది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు, నడుమ పున్నమి.

“వంట గురించి మీరు ఆలోచన పెట్టుకోవద్దు సార్, మా ఇంటామె చూసుకుంటాది” అని మేనేజరుకు మాటిచ్చిన సంగతి దేవేంద్రప్ప ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. మేనేజరు భార్య ఒక చెయ్యి వెయ్యదా అని ఉచ్చీరమ్మ అడిగితే, “ఆయమ్మ వచ్చేదే రెస్టు కోసమే” అన్నాడు.

అయినా ఉచ్చీరమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పొడులు కొట్టింది, అప్పడాలు ఒత్తింది, పిల్లలిద్దరినీ సెలవులకు గోనెగండ్లలో వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఎందుకంటే ఆమెకు ఆ నీళ్ళు చూడాలని ఉంది. ఆమె పుట్టి పెరిగిన గోనెగండ్లలో చేను దాటి, వంక దాటి పోతే గానీ బిందె నిండేది కాదు. పెళ్ళయి ఆదోనికి వస్తే కుళాయి దగ్గర వరస, వరసలో తగువులు, రెండు రోజులకొకసారి సన్నటి ధార. ముప్పై ఏళ్ళ బతుకులో ఆమె తాగిన ప్రతి చుక్కా ఎవరో ఒక ఆడది చంకన మోసిందే. తోడకుండా, మొయ్యకుండా, ఎవరూ అడక్కుండా నేల తనంతట తాను ఇచ్చే నీళ్ళు ఎట్లా ఉంటాయి? వైశాఖ పున్నమి నాడు అందులో తలమునిగి ఇంటిదేవుడు ఈరన్న స్వామికి దండం పెట్టుకోవాలన్నది ఆమె కోరిక. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే, ముందు సామాను సర్దుకో అంటారు.

ఇప్పుడు పున్నమికే పడింది.

ఇక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. మూడేళ్ళ కిందట ఎమ్మిగనూరులో ఆడబిడ్డ దేవక్క పెళ్ళికి ఇట్లాగే దినం పడింది. అప్పుడు దేవేంద్రప్ప, దినం వాయిదా పడే మాత్రలు తెచ్చాడు. పదకొండు రోజులు మింగింది. పెళ్ళి బాగా జరిగింది, ఎనిమిది వందల విస్తళ్ళు లేచాయి. ఆ తర్వాత ఇరవై రోజులు ఆమెకు నెత్తురు ఆగలేదు. కుళాయి దగ్గర కళ్ళు తిరిగి బిందెతో సహా పడిపోయింది. పెద్దాసుపత్రిలో నర్సమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, “ఎవరు మింగమన్నారమ్మా ఇవి? నీ ఒంటికి సరిపడవు. ఇంకెప్పుడూ జోలికి పోవద్దు” అన్నది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే దేవేంద్రప్ప, “నర్సులంతా అట్లనే బెదిరిస్తారు” అన్నాడు. మద్దమ్మ మాత్రం ఆ పూట చారులో ఇంకొంచెం మిరియాలు వేసి కోడలికి పోసింది. అంతకు మించి ఆ ఇంట్లో ఆ విషయం ఎవరూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం దేవేంద్రప్ప వచ్చాడు. చొక్కా విప్పకుండానే జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అంటే పొద్దునే తల్లీకొడుకులు మాట్లాడుకున్నారన్నమాట. తర్వాత వంటింట్లోకి పోయి, కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన ఆమెకు నీళ్ళందించడం అదే మొదటిసారి.

“ఈ పొద్దు నుంచే మొదలుపెట్టల్లంట. రోజుకు రెండు.”

“పోయినసారి ఏమయిందో మీకు తెల్సు కదా” అన్నది ఉచ్చీరమ్మ.

“అప్పుడు పదకొండు దినాలు. ఇప్పుడు వారమే కదా!”

ఉచ్చీరమ్మ అత్త వైపు చూసింది. “అత్తా, ఆ బుగ్గ కాడ గుడి ఉండాదా?”

“గుడా? రాయి గూడా లేదంట. ఉత్త నీళ్ళు, సెట్లు.”

“పూజ చేస్తారా?”

“మేనేజరు పేకాట సెట్టు కొనుక్కున్నాడంట. ఇంగ పూజ యాడిది!”

“మరి ఏ దేవునికి మైల తగులుతాదని నేను ఈ మాత్రలు మింగల్ల?”

మద్దమ్మ కొడుకు వైపు చూసింది. దేవేంద్రప్పకు చిరాకేసింది. “దేవునిదేముందే? నువ్వు మూలన కూర్చుంటే పద్నాలుగు మందికి ఎవరు వండల్ల?”

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, తానేమన్నాడో ఆయనకే తెలియలేదు. ఉచ్చీరమ్మకు మాత్రం తెలిసింది. ఇన్నేళ్ళూ నెలకు మూడు రోజులు దేవుడికి దూరంగా కూర్చున్నది. పటం వైపు చూడకుండా మొహం తిప్పుకున్నది. నా ఒళ్ళే నీకు పనికిరానప్పుడు ఎందుకిచ్చావు స్వామీ అని లోపల లోపలే ఏడ్చింది. ఆ స్వామి ఎన్నడూ మాత్రలు అడగలేదు. అడిగింది పొయ్యి. దేవుడి పేరు చెప్పి పొయ్యి అడిగింది. పాపం, ఆయన మీద ఎంత నింద వేశాను అనుకుంది.

ఆమె గ్లాసు తీసుకుంది. దేవేంద్రప్ప మొహం తేటపడింది. నిదానంగా నీళ్ళన్నీ తాగి, ఖాళీ గ్లాసు కింద పెట్టింది. పొట్లం విప్పనే లేదు.

“నీళ్ళు చాలు. మాత్రలొద్దు.”

“అట్లయితే నువ్వు రావద్దులే” గొంతు పెంచాడు. “దేవక్కను పిల్సుకొని పోతాం.”

“ఆయమ్మకు దినాలుండవా? ఆయమ్మకూ పొట్లం కట్టిస్తారా?”

“ఏందే, నోరు శానా లేస్తాంది! మేనేజరుకు నేనేం సెప్పల్ల?”

“మీకు స్టవ్వు పంపు కొట్టేది వస్తాది. దావీదన్నకు అన్నం వార్చేది వస్తాది. ఆయప్పే సెప్పినాడు.” ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. “నేను వస్తా. బయట చేరేంత వరకు వండుతా. చేరితే మీ ఆచారమే చేస్తా, వీసమెత్తు తప్పను. గుడారాలు మూడు కాదు, నాలుగు వేయించండి. నాలుగోది బుగ్గకు దగ్గర. నన్నెవరూ తాకొద్దు, నాకెవరూ పని సెప్పొద్దు. అన్నం తెచ్చి ఆకులో పెట్టి దూరం జరగల్ల.”

“చూసినావామ్మా దీని మాటలు!” దేవేంద్రప్ప తల్లి వైపు తిరిగాడు.

మద్దమ్మ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. కోడల్ని తిడుతుందనే ఇద్దరూ అనుకున్నారు. ఆమె కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు ఒత్తుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

“మా కాలంలో మాత్రలు యాడుండె? ఎద్దుల కొట్టంలో గోనెపట్ట ఏసుకొని పడుకుంటాంటి. దోమలు, పేడ కంపు. అయినా ఆ మూన్నాళ్ళే నా నడుము నేలకు తగిలేది. దినాలు నిల్చిపోయినప్పుడు అందరూ, మడి కలిసొచ్చింది నీకు, ఇంగ ఏ అడ్డమూ లేదనిరి. అడ్డం లేదు, నిజమే. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా పగటి పూట ఒక్క కునుకు తీసిందాన్ని కాదు.”

దేవేంద్రప్ప పొట్లం చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు. “ఇప్పుడు ఈ కతలన్నీ ఎందుకమ్మా? నాలుగో టార్పాలిన్ యాడ తేవల్ల నేను?”

“తే రా, యాడన్నా తే” అన్నది మద్దమ్మ. “ఇద్దరు పడుకునేంతది చూసి తే.”