పొయ్యి కింది తాత

తెల్లారినప్పటినుంచి మోస్తూనే ఉన్నారు. ముందు సవేలి, వెనక త్రీఫన్. మధ్యలో రెండు కర్రలకు గోనెపట్ట కుట్టిన డోలీ, అందులో ఎవడో ఒక దెబ్బతిన్న సిపాయి. అడవి అంచున డాక్టర్ల గుడారాల దగ్గర దింపడం, ఖాళీ డోలీతో మళ్ళీ ఫిరంగుల మధ్యకు రావడం. బొరొదినో మైదానంలో ఆ రోజు వాళ్ళ పని అంతే. ఊళ్ళమీద పడి పోగుచేసిన ఈ రైతుపటాలానికి తుపాకులివ్వలేదు. టోపీకి తగిలించుకోమని తలా ఒక ఇత్తడి సిలువ ఇచ్చారు. జారు చక్రవర్తికి తుపాకులు కరువు గానీ సిలువలకేం లోటు?

సవేలికి యాభై దాటాయి. ఇంటి మధ్య మనిషెత్తున లేచే ఇటుక పొయ్యిలు కట్టేవాడు. ఎడమ భుజం ఇటుకలు మోసి మోసి కిందికి జారింది. గోళ్ళ సందుల్లో ఇటుక ఎరుపు ఏ సబ్బుకూ పోనంతగా ఇంకిపోయింది. ఇవాళ దాని మీద ఇంకో ఎరుపు చేరింది. చుట్టుపక్కల ఏ ఇంటి పొగ తిన్నగా పైకి పోతున్నా ఆ పొయ్యి అతను కట్టిందే. కానీ పొగ సరిగ్గా పోయినన్నాళ్ళూ కట్టినవాణ్ణి ఎవరు తలుచుకుంటారు?

ప్రతిసారీ తన ఊరి మీదుగానే నడవాల్సి వస్తోంది. ఊరంటే ఇప్పుడు పొయ్యిలే. ఫిరంగులకు అడ్డమని, దుంగలు మట్టికోటకు పనికొస్తాయని సొంత సైన్యమే మొన్న ఇళ్ళన్నీ విప్పించింది. సవేలి ఇంటిని సవేలి చేతే విప్పించారు. ఇటుకలు అక్కర్లేదన్నారు గనక పొయ్యి మాత్రం ఆకాశం కింద ఒంటరిగా నిలబడింది.

ఇంటిని కాచే తాత, కంటికి కనబడని ఇలవేల్పు, ఆ పొయ్యి కిందే ఉన్నాడు. ఇల్లు మారేటప్పుడు ఇంటాయన తన పాత నారచెప్పులో రొట్టెముక్క పెట్టి తాతను పిలవాలి. చెప్పుకు తాడు కట్టి, వెనక్కి చూడకుండా కొత్తచోటికి ఈడ్చుకుపోవాలి. చూశాడా, తాత దిగిపోతాడు. పరాయివాడు లాగితే అసలు కదలడు.

పెళ్ళయిన కొత్తలో వేరుపడ్డప్పుడు సవేలి ఇదంతా విని నవ్వి, తాతను పిలవకుండానే వచ్చేశాడు. ముగ్గురు పిల్లలు వరసగా పోయారు. అప్పుడు పరుగెత్తాడు తండ్రి ఇంటికి, ఏడుస్తూ, చెప్పు పట్టుకుని. తరవాత పుట్టిన ఉస్తీన్య ఒక్కతే బతికింది. ఇప్పుడా పిల్లే నెలలు నిండి, అడవిలో కొమ్మల గుడిసెలో పడుకుని ఉంది.

ఇందాక గుడారాల దగ్గర భార్య అకులీనా ఎదురైంది.

"తెచ్చావా?"

"ఎక్కడే! ఆఫీసరు దొరని అడిగితే పగలబడి నవ్వాడు. యుద్ధం గెలిచాక ఇటుకలతో సహా తెచ్చుకోమన్నాడు."

"నొప్పులు మొదలైనయ్యయ్యా పిల్లకి. ముగ్గుర్ని ఈ చేతుల్తో పూడ్చా. ఇంకొకర్ని పూడ్చడం నావల్ల కాదు."

అంటూనే రొట్టెముక్కనూ, తాడు కట్టిన నారచెప్పునూ అతని చొక్కాలోకి తోసింది. చెప్పు అతనిదే, మడమ దగ్గర అరిగిపోయింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. నిండు డోలీతో వెళ్తూ పొయ్యి దగ్గర సవేలి ఆగిపోయాడు.

"నడు బావా! ఇక్కడ నిలబడితే మనల్ని మొయ్యడానికి ఇంకో డోలీ కావాలి" అన్నాడు త్రీఫన్.

"దించు. తాతను తెచ్చుకోవాలి."

"నీ పొయ్యి పాడుగాను! డోలీలో మనిషున్నాడు, కనబడ్డంలా?"

డోలీలో ఉన్న సిపాయికి మోకాలి కింద కాలు లేదు. అతనే కళ్ళు తెరిచాడు. "వెళ్ళనీ అన్నా. మా అమ్మా అట్టాగే తెచ్చుకుంది. వెళ్ళు మావా, బేగి రా."

ఆఫీసరు దొరకు నవ్వు తెప్పించిన సంగతి ఈ కాలు తెగినవాడికి నవ్వు తెప్పించలేదు.

సవేలి పొయ్యి ముందు మోకరిల్లాడు. రొట్టెముక్కను చెప్పులో పెట్టి, తాడు మణికట్టుకు చుట్టుకున్నాడు. ఫిరంగుల మోతలో తన మాట తనకే వినబడక గొంతు పెంచాడు.

"తాతా, ఇల్లు పోయింది. నేనే విప్పాను. కోపం పెట్టుకోకు. పిల్ల కంటోంది. రా, కూర్చో."

లేచి, అడవివైపు దించి ఉన్న డోలీకేసి నడిచాడు. వెనకాల చెప్పు మట్టిలో గీత గీస్తూ వస్తోంది. బరువుగానే ఉందనిపించి అతని కళ్ళు చెమర్చాయి.

అప్పుడు త్రీఫన్ చూశాడు. పొయ్యి అవతలినుంచి ఇనపగుండు ఒకటి నేలకు తగిలి లేస్తూ, తగిలి లేస్తూ, పక్కకు ఒక్క అడుగేస్తే తప్పించుకోగలిగేంత నింపాదిగా వస్తోంది.

"బావా! వెనక్కి చూడు! వెనక్కి చూడరా!"

సవేలికి వినబడింది. మెడ బిగుసుకుంది గానీ తిరగలేదు. మణికట్టు దగ్గర తాడును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

గుండు తన దారిన తాను పోయింది. సవేలి బోర్లా పడి ఉన్నాడు.

త్రీఫన్ వెళ్ళి సిలువ గీసుకుని, తాడు మీదికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. తను లాగితే తాత రాడు. అకులీనాకు ఏం చెప్పాలి? దారినపోతున్న ఇంకో రైతును కేకేసి డోలీ ముందుకొసకు రమ్మన్నాడు.

"వచ్చాడా తాత?" అడిగాడు సిపాయి, కళ్ళు మూసుకునే.

"వచ్చాడు. చెప్పులో కూర్చున్నాడు" అన్నాడు త్రీఫన్.

పొయ్యికి నాలుగడుగుల ఇవతల, సాగిన తాడు చివర, మడమ అరిగిన నారచెప్పు రొట్టెముక్కతో సహా అడవివైపు తిరిగి ఉంది.