తెల్లబడ్డ ప్లగ్గులు

ఒక స్పార్క్ ప్లగ్గు తెల్లగా వచ్చిందంటే ఆ ఒక్క సిలిండరు సంగతేమో అనుకోవచ్చు, రెండోదీ అంతే, ఇక మిగతా రెండూ ఊడదీయక్కర్లేదు, అయినా ఊడదీశాడు, చెయ్యి ఊరుకోదు కదా, బల్ల మీద గుడ్డ పరిచి నాలుగింటినీ వరసగా పెట్టాడు, లేత గోధుమరంగులో ఉండాల్సిన పింగాణీ మొనలు సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా, వాటి మీద సన్నటి పొక్కులు, ఇవి కూరల కొట్టుకి వెళ్ళొచ్చిన బండి ప్లగ్గులు కావు, నెమ్మదిగా తిరిగితే మహా అయితే మసి పట్టాలి గానీ ఇలా కాలిపోవు, కారేమో ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, నడిపేదేమో పోయినేడాది కొండమలుపులో దాన్ని గుంతలోకి దింపి భుజం ఎముక విరగ్గొట్టుకున్న అత్తగారు, ఇక కొట్టుకీ ఇంటికీ తప్ప తియ్యను, నెమ్మదిగానే వెళ్తానమ్మా అని కూతురి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టిన మనిషి, ఆ కూతురు తన భార్య, ఆ ఒట్టుకి సాక్షి తను.

ఆవిడ షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతోంది, ఏం బాబూ, ఇంకా ఎంతసేపు, అయిపోతుందండీ, ఇంజను ఈ మధ్య కాస్త కొట్టుకుంటోంది, చూడు, చూస్తున్నానండీ, కొట్టుకోక ఏం చేస్తుంది, ఒట్టు మీద నమ్మకంతో, వేడిని వెంటనే వదిలేసే పాత కోల్డ్ ప్లగ్గులు తీసేసి హాట్ ప్లగ్గులు వేసింది తనే కదా, ఇవి వేడిని పట్టి ఉంచుకుంటాయి, మసిని అవే కాల్చేసుకుంటాయి, ఊళ్ళో మెల్లగా తిరిగే బండికి అవే సరి, అదే బండిని కొండ మీదికి తొక్కి పట్టి తోలితే ఆ మొన నిప్పుకణికలా ఎర్రబడుతుంది, స్పార్కు పడకముందే పెట్రోలు దానంతటదే అంటుకుంటుంది, పిస్టనుకి చిల్లు పడుతుంది, అదే మలుపులో ఇంజను పట్టేస్తే, ఇన్నాళ్ళూ ఆవిడ కొండెక్కింది తన చేత్తో బిగించిన ప్లగ్గుల మీద.

ఇప్పుడు అలమరలో రెండు డబ్బాలు, ఒకటి హాట్, ఒకటి కోల్డ్, మళ్ళీ హాట్ వేస్తే ఒట్టుకి సరిపోతుంది, బండికి సరిపోదు, కోల్డ్ వేస్తే బండి నిక్షేపంగా ఉంటుంది, అత్తగారి దొంగ ప్రయాణాలకి అల్లుడే దారి చూపినట్టవుతుంది, పొద్దున భార్య ఏమంది, అమ్మ బండి జాగ్రత్తగా చూడండి, మీరున్నారనే నా ధైర్యం అంది, తెలిసిందంటే ఇల్లు పీకి పందిరి వేస్తుంది, వెయ్యనీ, అది కాదు భయం, భార్య నవ్వకుండా ఒక్క చూపు చూస్తుందే, ఆ చూపు భయం, పైగా ఆ చూపు తల్లి నుంచి వచ్చిందే.

చెయ్యి కోల్డ్ డబ్బా విప్పేసింది, గ్యాపు సరిచేసే పంపాం అని డబ్బా మీద రాసుంటుంది, ఎవడు నమ్ముతాడు, దారిలో ఎన్నిసార్లు కిందపడిందో, సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో సన్న రేకు ఎంచి మొనల మధ్య దూర్చాడు, వదులు, బల్ల చెక్క మీద మెల్లగా తట్టాడు, మధ్య మొనకి దెబ్బ తగలకుండా పైన వంగిన కొక్కెం మాత్రమే దిగాలి, మళ్ళీ రేకు, బిగుసుకుంది, కొక్కేన్ని వెంట్రుకవాసి పైకెత్తాడు, ఇప్పుడు జారింది, పట్టీ పట్టనట్టు, మొన నిటారుగా ఉందో లేదో చూడ్డానికి కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దం తీశాడు, పళ్ళ డాక్టర్ల అద్దం, ప్రాక్టీసు మానేసినప్పుడు అత్తగారే ఇచ్చింది, నీ ఇంజన్ల నోళ్ళలోకి చూసుకో నాయనా అని.

ఆ అద్దంతోనే ఒకప్పుడు తన నోట్లోకి చూసింది, షెడ్డు ఎలా ఉంది అంటే బ్రహ్మాండం అత్తయ్యగారూ అన్నాడు, అప్పటికి షెడ్డు మూసేద్దామా అని దిండు మీద తల ఆనడం లేదు, ఆవిడ దవడ పళ్ళు నాలుగూ చూసి, అరిగిపోయాయి, నిద్రలో పళ్ళు కొరుకుతున్నావు బాబూ, బ్రహ్మాండంగా ఉన్నవాడెవడూ ఇలా కొరకడు అంది, పళ్ళకి తొడుగు చేసిచ్చింది, నువ్వు ఏం చెప్పినా నీ పళ్ళకి కావాల్సింది నేను చేస్తాను, మా అమ్మాయికి మాత్రం నువ్వే చెప్పుకో, నేనుగా చెప్పను, అది అడిగితే దాచను అంది, ఆ సాయంత్రమే షెడ్డు సంగతి చెప్పేశాడు, భార్య ఏడ్చింది, తర్వాత ఇద్దరూ కూర్చుని దారి వెతుక్కున్నారు, షెడ్డు నిలబడింది, ఈ బల్ల ఇక్కడే ఉంది.

లేచి వెళ్ళి ఒక తెల్ల ప్లగ్గూ ఆ అద్దమూ ఆవిడ చేతిలో పెట్టాడు, చూడండి అత్తయ్యగారూ, ఆవిడ అలవాటు కొద్దీ వెలుతురుకి తిప్పి చూసింది, కాలిపోయిందే, అవునండీ, కొట్టుకి వెళ్తే కాలదండీ, ఆవిడ గొంతు తగ్గించి, ఆ మలుపు తలుచుకుంటేనే చేతులు వణికేవి బాబూ, ఆ భయంతోనే పోతానేమో అనిపించింది, అది వదిలేదాకా వెళ్దామనుకున్నాను, వదిలింది, ఇప్పుడు వెళ్ళకుండా ఉండలేకపోతున్నాను, కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి, కొంటెతనమూ ఉంది, తనకి కోపం రావాలి, వచ్చింది కూడా, నాకు చెప్పాల్సింది కదండీ, నేను వేసిన ప్లగ్గులతో మీకేదైనా అయితే నేనేమైపోవాలి అన్నాడు, ఆవిడ తల దించుకుంది.

కోల్డ్ ప్లగ్గులే వేస్తున్నాను, మీ అమ్మాయికి మాత్రం మీరే చెప్పుకోండి, నేనుగా చెప్పను, అడిగితే దాచను, ఆవిడ తలెత్తి చూసింది, ఆ మాటలు ఎవరివో ఆవిడకీ తెలుసు, తను బల్ల దగ్గరికి వచ్చి రెండోది తట్టాడు, మూడోది, ఒక్కోటీ వేళ్ళతో తిప్పి దింపి ఆఖర్న పానాతో బిగించాడు, ఆ రోజు ఈవిడ తన గుట్టు దాచిపెట్టిందనే ఇన్నేళ్ళూ అనుకున్నాడు, దాచలేదు, తనే వెళ్ళి చెప్పుకునేందుకు ఒక్క సాయంత్రం వదిలిపెట్టింది, అంతే, నాలుగోది బిగించి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, రాత్రికి మా ఇంట్లోనే భోంచేయండి అత్తయ్యగారూ, మీ అమ్మాయి ఉంటుంది, నేనూ ఉంటాను అన్నాడు.